మూకుడు మూసే రోజు

వంతెనను ఏరు ఎత్తుకుపోయిన వరద తర్వాత రెండో ఏడు అది.

పొద్దున్నే ఒకావిడ గుట్ట మీదికి నడిచి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. చెప్పుల నిండా దుమ్ము.

గేటు ముసలాయన కుర్చీలోంచి లేవలేదు.

"బస్సు తప్పిందా అమ్మా?"

"లేదండీ. మలుపు దగ్గర కారు వదిలి వచ్చాను. ఆ డిష్ చూద్దామని."

"మేం మూకుడు అంటాం."

గేటు వెనక మూడంతస్తుల ఎత్తు ఇనుప మూకుడు ఆకాశానికి నోరు తెరుచుకుని ఉంది.

"ఫోను?"

"ఆపేశాను."

ముసలాయన ముఖం విప్పారింది. "నయం. పెద్దాఫీసు వాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా గేటు దాకా కార్లేసుకొస్తారు. ఇంజను చిటపటలన్నీ మూకుట్లో పడి, పైనుంచి వచ్చేది వినపడదు. ఇవాళా వస్తాడొకడు."

"ఎందుకు?"

"దీన్ని మూసెయ్యడానికి. దండగ ఖర్చట. మధ్యాహ్నానికల్లా కరెంటు ఆపి, మీటకి సీలు వేసి పోతాడట."

"మీరు గేటు తీస్తారా?"

"వాడి తాత దిగొచ్చినా తీయను. నువ్వు రా లోపలికి. నువ్వొచ్చాక తాళం వేసేస్తా."

ఆవిడ లోపలికి వచ్చింది. ముసలాయన తాళం వేశాడు.

గదిలో తెర ముందు ముసలాయన అల్లుడు కూర్చున్నాడు. మూకుడు నడిపేది అతనే. గడ్డం గీసుకుని చాలా రోజులైంది.

"మావయ్యా! ఇదేమన్నా సర్కస్సా, జనాన్ని తోలుకొస్తున్నావు?"

"కారు మలుపులోనే ఆపి వచ్చింది అల్లుడూ. నీకన్నా నయం. మా అమ్మాయి చుట్టూ తిరిగే రోజుల్లో నువ్వు మోటార్ సైకిలు గేటు దాకా తెచ్చేవాడివి."

అల్లుడు ఒక స్టూలు ముందుకు తోశాడు.

"కూర్చోండి. ఏదీ ముట్టుకోకండి."

"ఏం చూస్తున్నారు బాబూ?"

"ఎక్కడో ఒక గెలాక్సీ, నక్షత్రాల మంద. దాని నడిమధ్యన ఒక కృష్ణబిలం. దొరికిందల్లా మింగుతుంది. మింగలేనిది చిమ్ముతుంది. ఆ చిమ్మేది సూటిగా మనవైపే."

"అయితే?"

"ఈ మధ్య భగ్గుమంది. గామా కిరణాలూ ఎక్స్ కిరణాలూ ఉపగ్రహాలు పట్టుకున్నాయి. చీకటున్న దేశాల్లో దుర్బిణులు వెలుగు చూశాయి. రేడియో తరంగాలు మాత్రం ఇంకా పెరగలేదు. అవి వెనకొస్తాయి."

"ముందు మెరుపు, వెనక ఉరుములాగా."

అల్లుడు మొదటిసారి ఆవిడ వైపు తిరిగాడు.

"అంతే. మెరుపు అందరూ చూశారు. ఉరుము వినాల్సింది మేం. ఎంత ఆలస్యంగా వచ్చిందో తెలిస్తేగానీ మంట ఎక్కడ పుట్టిందో తేలదు. ఇవాళ మూసేస్తే వాళ్ళందరి కష్టం బూడిదలో పోసిన పన్నీరే."

"మళ్ళీ భగ్గుమనదా?"

"మా పాప పుట్టకముందు నుంచీ దీనికోసం కాచుకున్నాను. ఇదే మొదలు."

ఆవిడ స్టూలు తెర దగ్గరికి జరుపుకుంది.

మధ్యాహ్నం బల్లమీది తీగ ఫోను మోగింది.

అల్లుడి చెయ్యి దానిదాకా పోయి ఆగింది. "వాళ్ళే. ఇంకా ఎందుకు ఆపలేదంటారు."

"నేను మాట్లాడతాను" అంటూ ఆవిడ లేచింది.

"హలో... లేదండీ, ఆపలేదు... ఆపం... తెలిసే అంటున్నాను... మీరేం చేసుకుంటారో చేసుకోండి."

ఫోను పెట్టేసింది.

ముసలాయన చప్పట్లు కొట్టాడు. "భలేదానివే! దారినపోయేదానివి, నీకేం పోతుంది, దులిపి వదిలావు!"

"నాకేం పోతుంది" అని ఆవిడ మళ్ళీ స్టూలు మీద కూర్చుంది.

"ఇంతకీ ఆ అధికారి జాడ లేదేం మావయ్యా?"

"నా మీసం సంగతి విని దారిలోంచే మళ్ళిపోయుంటాడు."

ముగ్గురూ నవ్వారు.

పొద్దు వాలుతుండగా, తెరమీద అన్నాళ్ళూ నేలబారుగా పాకిన గీత తల ఎత్తింది.

అల్లుడు నమ్మలేదు. మూకుడిని కాస్త పక్కకు తిప్పాడు. గీత పడిపోయింది. మళ్ళీ మంద వైపు తిప్పాడు. లేచింది.

"వచ్చేసింది మావయ్యా! ఉరుము!"

మామా అల్లుడూ ఒకరినొకరు వాటేసుకున్నారు.

"ఇంకెన్నాళ్ళు వినాలి?" అంది ఆవిడ.

"వారమో, నెలో. గీత దిగేదాకా."

"అయితే రేపు కూడా గేటు తీయకండి."

"అది నువ్వు చెప్పాలా?" ముసలాయన తెరమీంచి కళ్ళు తిప్పకుండానే తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాడు. "బయటినుంచి తాళం వేసి, చెవి లోపలికి విసిరెయ్యి తల్లీ."

పేరు అడగలేదు. గేటు దాకా వెళ్ళనూ లేదు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఫోను. ఈసారి ముసలాయనే ఎత్తాడు.

"నిన్న మేం పంపిన అధికారిని ఉద్యోగంలోంచి పీకేశాం" అంది అవతలి గొంతు. "ఇవాళ ఇంకొకాయన బయల్దేరాడు. గేటు తీసి పెట్టు."

"నిన్న ఏ అధికారీ రాలేదే?"

"రాకపోవడమేమిటయ్యా? మధ్యాహ్నం నాతో ఫోన్లో మాట్లాడింది మరెవరు?"

ముసలాయన ఫోను పెట్టేశాడు. మంచం మోసుకెళ్ళి దారికి అడ్డంగా వాల్చి, మూకుడు మూయడానికి వచ్చి మూయకుండా పోయిన ఆ మనిషి పేరైనా తెలియకుండానే, ఆవిడ తరఫున దానిమీద కూర్చున్నాడు.