నకాబ్ చాటున

సకీనా మొహం మీది నకాబ్ ఎత్తంగనే ఆమె మొగుడు ఆసిం దవాఖాన మంచం మూలకు జరిగిండు.

"గీమె సకీనా కాదు! ఆమె మొహం పెట్టుకొని ఎవరో వచ్చింది!"

గౌడవెల్లి కాడ బైకు మీదికెల్లి పడ్డప్పటి సంది ఇదే మాట.

బయట డాక్టరమ్మ ఎమ్మారై బొమ్మ చూపిచ్చింది. రంగురంగుల దారాల చిక్కుముడి లెక్క ఉంది. "మెదడుల దారులివి. చూపును మమకారంతోని కలిపే దారి తెగింది. మిమ్మల్ని చూస్తే పోలిక తెలుస్తది గానీ, నా మనిషి అనిపియ్యది. గొంతును మమకారంతోని కలిపే దారి మంచిగనే ఉన్నది."

సకీనా నకాబ్ మల్ల మొహం మీదికి దించుకొని లోపలికి పోయింది. "సునో జీ, నేనే వచ్చిన."

ఆసిం ఆమె చేతులు పట్టుకొని బావురుమన్నడు.

"ఏడికి పోయినవ్ సకీనా? నీ మొహంతోని ఎవరో వస్తాంది. భయమైతాంది."

"ఇగ ఏడికీ పోను."

"ఏదీ, నకాబ్ తియ్యి. నీ మొహం చూస్త."