మార్చి ఐదు

తొర్రూరు నుంచి వచ్చిన కట్టయ్య, వరంగల్ ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే శేఖర్ ముందు కూర్చుని ఫోన్ చూపించాడు. గుండెజబ్బున్న భార్యను మే 3న పరీక్షకు తీసుకురమ్మని అందులో మెసేజ్ ఉంది. ఆమె ఏప్రిల్‌లోనే చనిపోయింది.

“డాక్టర్ సార్ మార్చిల రమ్మన్నడని ఆమె అన్నది బిడ్డా. మరి గిండ్ల మే అని ఎట్ల పడ్డది?”

శేఖర్ రికార్డు తెరిచాడు. డాక్టరు 5/3 అని రాశారు. మెసేజ్‌లు పంపే తన ప్రోగ్రామ్‌లో తేదీని చదివే కమాండ్‌కు అదే తేదీ ఇచ్చి చూశాడు. నల్లటి తెర మీద మే 3 అని వచ్చింది. అమెరికా వాళ్లలాగా అది నెలను ముందు చదువుతోంది. తేదీ పన్నెండు దాటితే మాత్రం, పదమూడో నెలంటూ లేదు కాబట్టి, చదవలేక ఆగిపోయేది. అలాంటివాటిని అతను చేత్తో సరిచేసి ఊరుకునేవాడు.

శేఖర్‌కు భయం వేయలేదు, ఏడుపూ రాలేదు. తన గొంతు తనకే ఎవరిదో అన్నట్టు వినిపించింది.

“అది మార్చి ఐదే కాకా. తప్పు నాదే. నేను పెట్టిన ప్రోగ్రామే తిరగేసి చదివింది.”

కట్టయ్య కోప్పడలేదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

“ఆ మార్చి ఐదు పొద్దుగాల ఆమె చీర మార్చుకొని తయారైంది. పోదాం పా అన్నది. ఫోన్ల మే అని ఉంటే నీకేం ఎరుక, కూసో అని కసిరిన” అన్నాడు. “డాక్టరే తారీఖు మార్చిండని నువ్వు చెప్తవనుకొని వచ్చిన బిడ్డా.”