ఎర్ర టిక్కులు

పదింటికి పదో తరగతి లెక్కల పరీక్ష. మూడోసారి రాయబోతున్నది అమ్మ. ఆమె నోటుపుస్తకం దిద్దుతున్నది నాన్న, హైస్కూల్లో లెక్కల మాస్టారు.

జడ వేయించుకుంటున్న కూతురు పుస్తకంలోకి తొంగిచూసింది.

“ఎక్స్ మైనస్ మూడు సున్నా అయితే, ఎక్స్ మూడు కదా నాన్నా? అమ్మ మైనస్ మూడని రాస్తే టిక్కు పెట్టారేంటి?”

“మీ అమ్మకి అది చాల్లే.”

“మా క్లాసులో అలా రాస్తే కొడతారుగా.”

అమ్మ దువ్వెన కింద పెట్టి పేజీలు వెనక్కి తిప్పింది. ప్లస్, మైనస్ గుర్తు తప్పిన ప్రతి లెక్క పక్కనా ఎర్ర టిక్కు ఉంది.

“రెండేళ్ళూ ఇలాగే నేర్పారా?”

“పాసై ఎవర్ని ఉద్ధరిస్తావు?” ఆయన పెన్ను జేబుకు తగిలించుకున్నాడు. “పదవే, బడికి టైమైంది,” అన్నాడు కూతురితో.

అమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది.

“అది ఇవాళ రాదు. ఇంకా రెండు గంటలుంది.”

“రెండు గంటల్లో నేర్చేసుకుంటావా?”

ఆమె ఆయనవైపు చూడలేదు. “మొదట్నుంచి చెప్పమ్మా,” అంది కూతురితో.

ఆ ఏడాది కూడా పరీక్ష పోయింది, మూడు మార్కుల తేడాలో. ఫలితాలొచ్చిన సాయంత్రమే అమ్మ కొత్త నోటుపుస్తకం తెచ్చి, దిద్దమని కూతురి ముందు పెట్టింది.