డెబ్బై రెండో ప్లాటులో డబ్బా

"ఆ డబ్బా తీసెయ్!" అన్నాడు జయకృష్ణ, తెర మీద వేలు పొడిచి.

తెర మీద కొంగరకలాన్ వెంచర్ మ్యాపు ఉంది. డెబ్బై రెండో ప్లాటు మధ్యలో గోరంత డబ్బా. సర్వే వాళ్లు గీసి, పక్కన 'సమాధి' అని రాశారు.

"అదొక్కటేనా సార్?" అంది భాగ్యశ్రీ.

"చెట్లు, రాళ్లు, బోర్లు, ఏ చెత్తా ఉండకూడదు. అనుమతికి రెండుసార్లు ఆన్‌లైన్‌లో పెట్టాను. రెండుసార్లూ ఫైలు వెనక్కొచ్చింది. అడ్డదిడ్డం గీతలు ఎక్కువున్నాయట. సోమవారానికి నలభై ఆరు షీట్లూ శుభ్రంగా ఉండాలి. లేదంటే నువ్వుండవు."

మనిషి ఎప్పుడూ ఇంతే. ఇబ్రహీంపట్నంలో ఆఫీసు తెరిచి ఆరేళ్లయింది, ఒక్కరితో మంచిగా మాట్లాడిన పాపాన పోలేదు. భాగ్యశ్రీ చేరి నాలుగు నెలలు. ఆమెది ఏ ఊరో, ఎవరి బిడ్డో ఈయన అడగనే లేదు. ఈ జిల్లాలో బస్సులో పక్క సీటువాళ్లయినా అడుగుతారు ఆ మాట! "కంప్యూటర్ వచ్చా?" అన్నాడు, అంతే.

అన్ని గీతలు చేత్తో చెరపాలంటే నెల పడుతుంది. అందుకని భాగ్యశ్రీ స్క్రిప్టు రాయడానికి కూర్చుంది. పొడవే లేని గీత కనిపిస్తే తీసెయ్. ఒకదాని మీద ఒకటి పడిన గీతలుంటే ఒకటే ఉంచు. నాలుగు గజాల లోపు బొమ్మ ఏదైనా సరే తుడిచెయ్. ఇలా కంప్యూటర్‌కు వరసగా ఆజ్ఞలు. ఒక్కసారి నడిపితే షీట్లన్నీ అదే దులిపేస్తుంది.

సగం రాసిందో లేదో, శివయ్య వచ్చాడు. వారం నుంచి రోజూ వస్తున్నాడు. తలకు రుమాలు, చేతిలో కర్ర. ఆ భూమి ఒకప్పుడు ఆయనది. పదేళ్ల కింద అమ్మాడు. అది ఇద్దరి చేతులు మారి జయకృష్ణకు చేరింది.

"మా ఈదమ్మను పండవెట్టిన జాగ అది," అన్నాడు శివయ్య. "భూమి అమ్మిన గని ఆమెను అమ్మలె. సమాధి ముట్టనని మొదలు కొన్నాయన మాటిచ్చిండు."

"మాటిచ్చినవాడి దగ్గరికే వెళ్లి ఏడువు. నా దగ్గర కాగితాలున్నాయి."

"పెత్రమాసకు బువ్వ యాడ వెట్టాలె నేను? నీ నెత్తి మీదనా?"

జయకృష్ణ ఊగిపోయాడు. "భాగ్యశ్రీ, నువ్వు చెప్పు వీడికి! మీ భాషలో చెబితేనైనా ఎక్కుతుందేమో."

భాగ్యశ్రీ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

"ఏందే తాతా, రోజూ వచ్చి లొల్లి? సచ్చిపోయినామె లేచొచ్చి అడిగిందా నిన్ను? నడువ్ బయటికి!"

ఆఫీసంతా బిత్తరపోయింది. శివయ్య కర్ర నేలకేసి కొట్టాడు.

"ఆడివిల్లవేనా నువ్వు? నీ చేతులు ఇరిగిపోను! నిన్ను కన్నతల్లి సూస్తె ఏమంటది?"

"నా తల్లి ముచ్చట నీకెందుకు? పో!"

ముసలాయన మెట్లు దిగి పోయాడు. భాగ్యశ్రీ కుళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఓ మంచిమాట అన్నాడా జయకృష్ణ? ఎందుకంటాడు! "పని చూడు," అన్నాడు.

కానీ ఆమె మీద గురి మాత్రం కుదిరింది. ఆన్‌లైన్‌లో ఫైలు పెట్టే పని అంతవరకు ఇంకొకరి చేతికి ఇవ్వని మనిషి, ఆ సాయంత్రమే దాన్ని ఆమెకు అప్పగించాడు.

సోమవారం స్క్రిప్టు నడిచింది. పదకొండు నిమిషాల్లో పని ముగిసింది. జయకృష్ణ వెనక నిలబడి ఒక షీటు చూశాడు. డెబ్బై రెండో ప్లాటు ఖాళీగా ఉంది.

"పోయిందా?"

"పోయింది సార్. అనుమతికి పంపుతున్న. మీ ఫోన్‌కు ఓటీపీ వస్తది, చెప్పుండ్రి."

ఇంకో షీటు చూడకుండానే అంకెలు చదివేశాడు.

నెలన్నరకు అనుమతి వచ్చింది. జయకృష్ణ స్వీట్లు తెప్పించి మరీ ఆ ఉత్తర్వు తెరిచాడు. రెండో పేజీకి వచ్చేసరికి నోట్లో స్వీటు నోట్లోనే ఉండిపోయింది. 'డెబ్బై రెండో ప్లాటులో సమాధి చూపారు గనుక ఆ ప్లాటు అమ్మరాదు. ఖాళీ స్థలంగా వదలాలి.' కింద మ్యాపు. మ్యాపులో గోరంత డబ్బా.

షీట్లన్నీ తెరిపించాడు. నలభై ఐదింట్లో డబ్బా లేదు. అనుమతికి వెళ్లిన ఒక్కదాంట్లోనే ఉంది. స్క్రిప్టు తెరిపించాడు. అట్టడుగున ఒక ఆజ్ఞ: అనుమతికి వెళ్లే షీటులో ఆ డబ్బాను ముట్టుకోవద్దు.

భాగ్యశ్రీ ఆ రోజు సెలవు. ఫోన్ ఎత్తలేదు.

"ముసలాడు దీన్ని కొనేశాడు!" అని అరిచాడు జయకృష్ణ. "నా ఉప్పు తింటూ వాడికి అమ్ముడుపోయింది! దాన్ని పని చేయనిస్తానా ఈ జిల్లాలో?"

జేసీబీని పురమాయించి, కారు తీశాడు. సమాధే లేకుండా చదును చేసేస్తే ఇక చూపించేదేముంది?

వెంచర్‌కు చేరేసరికి జేసీబీ ఆగి ఉంది. సర్వే అధికారులు నిన్ననే వచ్చి, ఫోటోలు తీసి, సమాధి చుట్టూ నాలుగు హద్దురాళ్లు పాతి వెళ్లారట. "సర్కారు రాళ్లు సార్, నాతోని కాదు," అని డ్రైవర్ తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

రాళ్ల మధ్య శివయ్య కూర్చుని ఉన్నాడు. పక్కనే భాగ్యశ్రీ. ముందు విస్తరాకు, అందులో బువ్వ, గారెలు. ఆ రోజు పెత్రమాస, పోయినవాళ్లకు బువ్వ పెట్టే అమావాస్య.

"ఎంత తీసుకున్నావే వాడి దగ్గర?" అని కేకేస్తూ వెళ్లాడు జయకృష్ణ.

భాగ్యశ్రీ తల తిప్పలేదు. విస్తరాకు సమాధి దగ్గరికి జరిపి, "ఉత్తుత్తగ తిట్టుమంటె బాపు నన్ను నిజంగనే తిట్టిండే అమ్మా, జర నువ్వే అడుగు," అంది.