చెయ్యి పట్టుకున్నవాడు

"నాలుగు రోజులూ ఇది నా దగ్గరే ఉంటుంది," అంటూ మిలింద్ కూతురి చేతిలోంచి ఫోను లాగేసుకున్నాడు.

పుణె నుంచి బయల్దేరి పొద్దున్నే కొంకణ తీరంలో దిగారు. గదిలో సామాన్లయినా విప్పలేదింకా.

"ఒక్క ఫొటో బాబా! ఫ్రెండ్స్‌కి పంపి ఇచ్చేస్తా," అని తండ్రిని బతిమాలింది.

"ముందు నువ్వు చూడు సముద్రాన్ని. తర్వాత నీ ఫ్రెండ్స్ చూద్దురుగాని."

"మీరిద్దరే రావాల్సింది. నన్నెందుకు లాక్కొచ్చారు?"

పదిహేనేళ్ల రేవా చెప్పులు చేత్తో పట్టుకుని రాళ్ల వైపు విసవిసా నడిచింది.

"మోకాళ్లు దాటి దిగావో, ఈ పూటే తిరుగు ప్రయాణం!" వెనక నుంచి అరిచాడు మిలింద్.

"వచ్చీ రాగానే మొదలెట్టారా ఇద్దరూ?" అతని భార్య ఉల్కా ఇసుకలో దుప్పటి పరుస్తూ విసుక్కుంది.

పావుగంట గడిచిందో లేదో ఆమే గబుక్కున లేచి నిలబడింది.

"మిలింద్, అటు చూడు!"

రాళ్ల పక్కన మోకాలి లోతు నీళ్లలో ఎవరో ముసలాయన. తెల్లచొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. రెండు చేతులతో రేవా చేతిని పట్టుకుని లాగుతున్నాడు. రేవా విదిలించుకుంటోంది.

మిలింద్ పరుగెత్తాడు.

"వదలరా దాని చెయ్యి!"

ఆయన వదల్లేదు. పొడి ఇసుకలోకి వచ్చాక కూడా వదల్లేదు. వంగి దగ్గుతున్నాడు. ఏదో చెప్పబోతున్నాడు, మాట పెగలడం లేదు.

మిలింద్ ఆయన చెంప ఛెళ్లుమనిపించాడు.

క్షణంలో జనం మూగారు.

"చెప్పు రేవా! చెయ్యి పట్టుకున్నాడా, లేదా?"

రేవా తండ్రి మొహం చూసింది. చుట్టూ ఉన్న మొహాలు చూసింది.

పట్టుకున్నాడన్నట్టు తలూపింది.

"సిగ్గులేదూ? మనవరాలి వయసు పిల్ల!" అంది ఒకావిడ.

"పోలీసులకి అప్పజెప్పండి," అన్నాడు ఇంకొకాయన.

ఆ ముసలాయనతో బస్సులో వచ్చిన బృందం పరుగు పరుగున వచ్చింది. వాళ్లలో పెద్దాయన మిలింద్‌కి చేతులు జోడించాడు.

"మావాడే సార్. క్షమించి వదిలెయ్యండి." ముసలాయన వైపు తిరిగాడు. "పరువు తీశావు కదయ్యా దగడూ! పోయి బస్సులో కూర్చో. బయల్దేరేదాకా దిగావంటే చూడు!"

దగడూ రేవా వైపు ఒక్కసారి చూశాడు. కోపంగా కాదు. పిల్ల సరిగ్గా నిలబడగలుగుతోందా అని చూసినట్టు చూసి, చెంప తడుముకుంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం గదుల యజమానురాలు మందాకాకూ వేడి వేడి అన్నం, వేయించిన చేపముక్కలు వడ్డించి వెళ్లింది.

రేవా అన్నం కెలుకుతోంది.

"ముల్లు తీసిపెట్టనా?" అడిగింది ఉల్కా.

"ఆయీ... ఆ తాత నన్నేం చెయ్యలేదు."

"మరి?"

"రాళ్ల దగ్గర గొయ్యి ఉంది. కాళ్ల కింద ఇసుక జారిపోయింది. రెండుసార్లు మునిగాను. అరవబోతే నోటినిండా నీళ్లు. ఆయనే వచ్చి లాగాడు. పైకొచ్చాక బాబా చూస్తాడని భయమేసి విదిలించుకున్నాను."

మిలింద్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అక్కడే చెప్పొచ్చు కదా!"

"మోకాళ్లు దాటితే తిరుగు ప్రయాణమన్నావుగా. అయినా చెయ్యి పట్టుకున్నాడా అనేగా నువ్వడిగింది?" రేవా వెక్కుతోంది. "పట్టుకున్నాడు బాబా. పట్టుకోబట్టే ఇక్కడ కూర్చున్నాను."

మిలింద్ చెయ్యి కూడా కడుక్కోకుండా, పొద్దున బస్సు ఆగి ఉన్న సరుగుడు తోపులోకి పరుగెత్తాడు. బస్సు లేదు. ఇసుకలో చక్రాల గుర్తులు మాత్రం ఉన్నాయి.

తిరిగొచ్చేసరికి మందాకాకూ వాకిట్లో గిన్నెలు తోముతోంది.

"కాకూ, పొద్దున బస్సులో వచ్చినవాళ్లు..."

"వాళ్లా? ఇక్కడే తిన్నారు. వెళ్లి గంటయింది. మరాఠ్వాడాలో ఏదో బడి టీచర్లు. ఆ దగడూ వాళ్ల బడి ప్యూను."

"నంబరుందా?"

"ఒక పూట భోజనానికి నంబరెందుకయ్యా? ఊరు పేరైనా అడగలేదు." కాకూ చేతిలో గిన్నె కింద పెట్టింది. "నెలాఖరుకి రిటైరట. ఏం కావాలయ్యా అని అడిగితే ఒక్కసారి సముద్రం చూపించండి అన్నాడట. ఆయన కోసమే అందరూ కలిసి వచ్చారు. చివరికి ఆయనొక్కడే బస్సులో కూర్చున్నాడు. అన్నం అక్కడికే పంపాను. పళ్లెం పంపింది పంపినట్టే తిరిగొచ్చింది."

మిలింద్ అరుగు మీద కూర్చున్నాడు.

"నా కూతుర్ని కాపాడాడు కాకూ. నేను కొట్టాను."

"అయ్యో! పిల్ల మునిగిపోతోందని లాగానని ఆయన చెబుతూనే ఉన్నాడట. వాళ్లలో ఒక్కరూ నమ్మలేదట."

"ఎందుకు నమ్మరు? అంత గోతిలోంచి లాగాడంటే ఎంత ఈతగాడై ఉండాలి!"

"ఈతా?" అంది కాకూ. "టీచర్లు ఎంత పిలిచినా నీళ్లంటే భయమని, పొద్దుటనుంచీ పాదమైనా తడపకుండా ఆ రాళ్ల మీదే కూర్చున్నాడటయ్యా."