బల్ల కింద దిండు

ఉదయం పదకొండింటికి, కొత్త ప్రెస్సులో, రెట్టింపు జీతం రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టడానికి ప్రూఫ్‌రీడరు పెన్ను తీసింది. పాత ప్రెస్సులో ఆమె రోజూ మధ్యాహ్నం మూడింటికి పని ముగించి, పాపను బడి నుంచి తెచ్చుకునేది.

"ఇక్కడ మూడింటికి వెళ్ళిపోవడాలు ఉండవమ్మా," అన్నాడు మేనేజరు. "పని ఎక్కువైతే పడక ఇక్కడే." బల్ల కింద నుంచి దిండు లాగి చూపించాడు. దాని మీద తలనూనె నల్లగా అట్టకట్టింది.

"ఛీ! ఎవరిదండీ?"

"మీ అన్నయ్యదే. ఇంటికి వారానికోసారి వెళ్తాడు. బంగారం!"

ఈ ఉద్యోగం చూపించిన అన్నయ్య పక్కనే నిలబడి నవ్వాడు. "అలవాటైపోతుందే. నీకు కొత్త గలీబు ఇస్తారులే."

"క్యాంపులకు వెళ్తున్నానని వదినకు చెప్తున్నావు కదా అన్నయ్యా?"

అన్నయ్య దిండును కాలితో బల్ల కిందికి తోశాడు.

మూడుంపావుకు ఆమె బడి గేటు దగ్గర ఉంది. కాగితం మీద సంతకం లేదు.