తొట్టి దగ్గర సాక్ష్యం

“అంతా ప్రభువుకు ఇచ్చేశావా సారయ్యా?” పాస్టరుగారు మళ్లీ అడిగారు.

“ఇచ్చేశానండీ.”

“సిగరెట్లు?”

“మానేసి ఏడు నెలలైంది.”

“కోపం?”

“చాలా తగ్గింది.”

“ఇంకేమైనా దాచుకున్నావా? ఇల్లంతా ఇచ్చి ఒక్క గదికి తాళం పెట్టుకుంటే ఇచ్చినట్టు కాదు.”

సారయ్య పెరటి వైపు చూశాడు. అమీర్‌పేట సందులో ఉన్న ఆ చిన్న చర్చి వెనక, చంద్రమ్మ బోరింగు కొట్టి బిందెలతో బాప్తిస్మపు సిమెంటు తొట్టి నింపుతోంది. పొద్దుట్నుంచీ అదే పని.

“ఏం లేదండీ,” అన్నాడు.

సారయ్య ఎర్రమంజిల్‌లో ఒక సర్కారు ఆఫీసు గుమాస్తా. పంజాగుట్టలో గది తీసుకుని ఉంటున్నాడు. ఈ చర్చి సంఘంలో చేరి రెండేళ్లయింది. సంఘపెద్ద బుల్లబ్బాయిగారిది రాజమండ్రి వైపు. తన కూతురు అరుణాదేవిని సారయ్యకు ఇవ్వాలని ఆయన అనుకున్నారు. ఈ రోజు సారయ్య బాప్తిస్మం కాగానే ఆ సంగతి సంఘంలో చెప్పాలి.

“మీవాళ్లు ఏం చేసేవారు?” అని మొదట్లో ఆయన అడిగినప్పుడు, “నాన్న బడిపంతులండీ. అమ్మా నాన్నా నా చిన్నప్పుడే పోయారు,” అని సారయ్య చెప్పేశాడు.

నాన్న పోయిన మాట నిజమే. కానీ ఆయన పంతులు కాదు, చెప్పులు కుట్టేవాడు.

అమ్మ పోలేదు. ఎనభై ఆరు ఎండాకాలంలో జనగామ బస్సు దిగి, అడ్రసు అడుక్కుంటూ కొడుకును వెతుక్కుంటూ వచ్చింది. గదిలో ఉంచుకుంటే నలుగురికీ తెలుస్తుందని భయపడ్డాడు. “మా ఊరామె, దిక్కులేనిది,” అని పాస్టరుగారికి చెప్పి చర్చి ఊడ్చే పనిలో పెట్టించాడు. వెనకున్న రేకుల గదిలో ఉంటోంది.

చంద్రమ్మ చీపురు అందుకుంది. ఆ రోజు నుంచి కొడుకును ‘సారూ’ అని పిలుస్తోంది. చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు కూడా.

ప్రార్థన అయింది. అందరూ పెరట్లోకి వచ్చి నిలబడ్డారు. తెల్లబట్టల్లో సారయ్య తొట్టి దగ్గరికి నడిచాడు.

“మెట్టు జారుతది సారూ, పైలం,” అంది చంద్రమ్మ, ఖాళీ బిందె దించుతూ. ఆమె అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

సారయ్య తల దించుకుని నీళ్లలోకి దిగాడు. నడుందాకా వచ్చాయి. పాస్టరుగారు అతని భుజం మీద చెయ్యి వేసి, “నీ పాత బతుకు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పు నాయనా,” అన్నారు.

ఎదురుగా బుల్లబ్బాయిగారు, ఆయన పక్కన అరుణాదేవి. చుట్టూ అమ్మ మోసిన నీళ్లు. ఆమెను చంపేసి ఈ నీళ్లలో మునిగితే ఏ పాపం కడుక్కుపోతుంది?

“నేను అబద్ధం చెప్పాను,” అన్నాడు గట్టిగా. “మా నాన్న పంతులు కాదు. చెప్పులు కుట్టేవాడు. మా అమ్మ బతికే ఉంది. ఇగో, ఈ చంద్రమ్మే మా అమ్మ. అయ్యగారూ, నన్ను క్షమించండి. అమ్మా, నువ్వు సుత క్షమించే...”

అరుణాదేవి ముఖం పాలిపోయింది.

“ఏంటయ్యా ఇది?” అన్నారు బుల్లబ్బాయిగారు. “పెళ్లి నిశ్చయం చెప్పుకోబోయే రోజున ఇదేం మాట?”

“నిజమండీ. ఒట్టు.”

ఆయన చంద్రమ్మ దగ్గరికి వెళ్లారు. “ఏమ్మా, నువ్వు చెప్పు. ఇతను నీ కొడుకేనా?”

చంద్రమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. అరుణాదేవిని ఓసారి పైనుంచి కిందిదాకా చూసుకుంది. తర్వాత నీళ్లలో వణుకుతున్న సారయ్యను చూసింది. ఇప్పుడైనా ‘బిడ్డా’ అని పిలుస్తుందని అతను రెండు చేతులూ చాచాడు.

ఆమె నవ్వింది.

“సారుది జాలి గుండె. దిక్కులేనిదాన్నని గట్ల అంటుండు.”

“అంటే?”

“నాకు పిల్లలే కాలేదయ్యా.”